పడవకి బ్రేకులేంట్రా?

పడవ కొన్నామని ఫోన్లో చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మీకు ఈతొచ్చా?" రెండు వారాలు పోయాక, "ఈ శనివారం ఫోన్ చెయ్యలేదేంట్రా" అని అడిగితే, "పడవ బ్రేకులు బాగుచేస్తున్నానమ్మా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "పడవకి బ్రేకులేంట్రా?" అంది. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ చూసిన పడవల్లో ఒక్కటీ రోడ్డెక్కలేదు.

బ్రేకులు పడవకి కాదు, దాన్ని మోసే ట్రైలర్‌కి. మేం టెక్సస్‌లో ప్లేనోలో ఉంటాం. మా తోడల్లుడు వాళ్ళు పక్కనే ఎలెన్‌లో. ఇద్దరం చెరి సగం వేసుకుని కిందటేడు 19 అడుగుల పాత మోటారు పడవ ఒకటి కొన్నాం, ట్రైలర్‌తో సహా. అమ్మినాయన దాన్ని పదేళ్ళు టెక్సోమా సరస్సులోనే తిప్పాడట. తాళాలు ఇస్తూ ఒక మాట చెప్పాడు: "రివర్స్ చేసేముందు ఒకసారి బండి కాస్త ముందుకి లాగి, అప్పుడు వెనక్కి తోయండి." ఎందుకని మేం అడగలేదు. కొబ్బరికాయ కొట్టడం లాంటి ఆచారం అనుకున్నాం.

మే నెలలో మొదటిసారి టెక్సోమాకి బయల్దేరాం. నా పికప్ వెనక పడవ, దాని వెనక కార్లో ఆడవాళ్ళు, పిల్లలు. 75 హైవే మీద మెకిన్నీ దాటి, ఆనా దాటాక మా ఆవిడ ఫోన్: "మీ పడవ కుడి చక్రం దగ్గర పొగ వస్తోంది." అద్దంలో చూస్తే నాకేమీ కనపడలేదు. కిటికీ దించాక వాసన వచ్చింది. ఘాట్ రోడ్డు దిగిన బస్సు ఆగగానే వచ్చే కమురు వాసన, అదే.

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి పెట్రోలు బంకులో ఆపాం. మా తోడల్లుడి దగ్గర పొయ్యి మీద పెనం వేడి చూసే తుపాకీ లాంటి థర్మామీటరు ఉంది. బార్బెక్యూ కోసం తెచ్చుకున్నాడు. ఎడమ చక్రం మధ్యలో గురిపెడితే 120 డిగ్రీల ఫారన్‌హీట్. కుడిది 340. నీళ్ళు పోద్దామని పిల్లలు సీసాలు పట్టుకొచ్చారు గానీ వద్దన్నాను. అంత వేడి మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకరపోవచ్చు, పగలనూ వచ్చు. గంటసేపు నీడలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర అక్కడే తినేశాం. చల్లారాక జాకీ పెట్టి లేపి తిప్పి చూస్తే చక్రం ఏమీ ఎరగనట్టు హాయిగా తిరిగింది. అసలు తిక్క అదే. ఇంటికి మెల్లిగా, లోపలి రోడ్ల మీద, పది మైళ్ళకోసారి ఆగుతూ వచ్చాం.

అక్కడితో అయిపోలేదు. మా ఇంటి ముందు డ్రైవ్‌వే కొంచెం ఎత్తు. ట్రైలర్‌ని రివర్స్‌లో పైకి తోద్దామంటే రెండడుగులు వెళ్ళి బిగుసుకుపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ టైర్లు కీచుమని అరుస్తున్నాయి, ట్రైలర్ టైర్లు తిరక్కుండా ఈడ్చుకుంటూ సిమెంటు మీద నల్లటి చారలు పెడుతున్నాయి. ఆ చప్పుడుకి పక్కింటి పెద్దాయన బయటికొచ్చాడు. రిటైరైన మనిషి, ముప్ఫయ్యేళ్ళుగా పడవలు లాగుతున్నవాడు. ట్రైలర్ ముందు భాగం వంగి చూసి, ఇంట్లోంచి ఒక బోల్టు తెచ్చి దాని పక్కనున్న కన్నంలో దూర్చాడు. అంతే, పడవ వెన్నలా వెనక్కి వెళ్ళిపోయింది. "ఇది తీయకుండా రోడ్డెక్కారంటే మీకు బ్రేకుల్లేనట్టే," అని గట్టిగా రెండుసార్లు చెప్పాడు.

ఆ బోల్టు ఏం చేసిందో అర్థం కావాలంటే ఈ బ్రేకులు ఎలా పనిచేస్తాయో చెప్పాలి. వీటిని సర్జ్ బ్రేకులంటారు. వీటికి పెడల్ లేదు, పికప్ నుంచి వైరు సాయమూ అక్కర్లేదు. ఆర్టీసీ బస్సు డ్రైవరు సడన్‌గా బ్రేకు కొడితే నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలతారు కదా, ఆ తూలుడే వీటికి పెడల్. పికప్ నెమ్మదించగానే వెనకున్న ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది. ట్రైలర్ ముందు కొసన, హిచ్ బంతికి తగిలించే చోట, ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారేలా అమరిక ఉంటుంది. తోపుకి లోపలి గొట్టం వెనక్కి జారి మాస్టర్ సిలిండర్ని నొక్కుతుంది. బ్రేక్ ఆయిల్ ఒత్తిడి పైపుల గుండా చక్రాలకి చేరి ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. ఎంత గట్టిగా బ్రేకు కొడితే అంత తోపు, అంత పట్టు. కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

చిక్కల్లా రివర్స్‌లో. వెనక్కి తోసినా అదే గొట్టం అలాగే జారుతుంది. పాపం ట్రైలర్‌కి ఆగుతున్నామో, వెనక్కి పోతున్నామో తెలీదు. అందుకని డిస్కు బ్రేకులున్న ట్రైలర్లకి ఆయిల్ దారిలో ఒక సోలెనాయిడ్ వాల్వు పెడతారు. పికప్ రివర్స్ లైటు కరెంటు ఒక వైరు ద్వారా దానికి అందితే, అది చక్రాలకి వెళ్ళే ఆయిల్‌ని ఆపేస్తుంది. పెద్దాయన బోల్టు ఆ పనే మొరటుగా చేసింది, గొట్టాన్ని జారనివ్వకుండా.

మా కాలనీ నియమాల ప్రకారం ట్రైలర్ని డ్రైవ్‌వేలో రోజుల తరబడి ఉంచకూడదు. కాబట్టి పడవని స్టోరేజీలో పెట్టి శనివారం తెచ్చుకోవడం, ఆదివారం సాయంత్రం వదిలిరావడం. రిపేరంతా అలా శనివారాల మీద నడిచింది.

మొదటి శనివారం పెద్దాయన చెప్పినట్టు ముందుగా బ్రేక్‌అవే కేబుల్ చూశాం. దారిలో హిచ్ ఊడిపోతే ట్రైలర్ తనంతట తానే బ్రేకు వేసుకునేందుకు ఒక సన్న కేబుల్ పికప్‌కి తగిలించి ఉంటుంది. అది పొట్టిగా ఉంటే మలుపుల్లో లాక్కుని బ్రేకులు సగం పట్టేస్తాయి. మాది బాగానే ఉంది. అదే అయితే రెండు చక్రాలూ వేడెక్కాలి కదా అన్న ఆలోచన మాకు అప్పుడు రాలేదు.

వచ్చిన ఆలోచన ఒక్కటే: కొత్త సామాను. వేడెక్కింది కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగం) కాబట్టి కాలిపర్ పోయింది. రెండు కాలిపర్లు, ప్యాడ్లు తెచ్చాం, రెండొందల డాలర్ల పైనే. పాత కుడి కాలిపర్ విప్పాక దాని పిస్టన్‌ని క్లాంపుతో నొక్కితే మెత్తగా లోపలికెళ్ళింది. జారే పిన్నుల మీద గ్రీజు కూడా బాగానే ఉంది. అక్కడే ఆగి "మరి ఇది ఎందుకు పట్టేసినట్టు?" అనుకోవాల్సింది. కొత్తది చేతిలో మెరుస్తుంటే ఎవరాగుతారు?

ఆయిల్ మాత్రం ఘోరంగా ఉంది. కొత్త బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. మాది చిక్కటి కాఫీ డికాక్షన్. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్‌కి గాల్లోంచి తేమ పీల్చుకునే గుణం ఉంది. కొత్తప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ప్రతి వారం సరస్సులో ములిగే ట్రైలర్‌లో అది పదేళ్ళుంటే ఇంకేం మిగుల్తుంది? పైగా టెక్సోమా నీళ్ళు మామూలు సరస్సు నీళ్ళు కావు. ఎగువన ఉప్పు పొరల మీదుగా వచ్చే రెడ్ రివర్ నీళ్ళు కాబట్టి కాస్త ఉప్పగా ఉంటాయి. అక్కడ స్ట్రైప్డ్ బాస్ చేపలు బాగా పెరగడానికి అదో కారణమంటారు. చేపలకి మంచిదే. ఇనుముకి కాదు.

తర్వాత పైపుల్లో చేరిన ఎయిర్ తీసే కార్యక్రమం. మా తోడల్లుడు ట్రైలర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కన్నంలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో మాస్టర్ సిలిండర్ని నొక్కాలి. నేను చక్రం కింద దూరి కాలిపర్ మీదున్న బ్లీడర్ స్క్రూ వదులు చెయ్యాలి. దానికి తగిలించిన పారదర్శకమైన గొట్టం రెండో కొస పెప్సీ సీసాలో అడుగునున్న ఆయిల్‌లో ములిగుంటుంది, గాలి వెనక్కి పోకుండా.

"నొక్కు."

"నొక్కా అన్నయ్యగారూ."

"పట్టుకో... వదలకు... ఇప్పుడు వదులు."

ఇలా ఎన్ని వందలసార్లో. మధ్యలో ట్యాంకులో ఆయిల్ అయిపోయిన సంగతి ఇద్దరం చూసుకోలేదు. గాలి మొత్తం మళ్ళీ లోపలికి. మొదట్నించీ మళ్ళీ నొక్కుడు. రెండు సీసాల ఆయిల్ అయిపోయినా స్క్రూడ్రైవర్ ఇంకా దూదిలో గుచ్చినట్టే దిగుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వాన మొదలైంది. మా ఆవిడ గొడుగు పట్టుకొచ్చి, కాసేపు చూసి, "ఆ నట్టు రెండు చక్రాలకీ కిందవైపే ఉండాలా?" అనడిగింది. ఏదో అడగాలని అడిగింది. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమంది. గాలి పైకి పోతుంది, బ్లీడర్ పైన ఉండాలి. మేం కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించాం. దాంతో రెండిటి బ్లీడర్లూ కిందకొచ్చాయి. ఆ లెక్కన దీపావళి దాకా నొక్కినా ఆ గాలి బయటికి రాదు.

అటుదిటు మార్చి బిగించాక అరగంటలో స్క్రూడ్రైవర్ గట్టిపడింది. ఇక్కడ ఇంకో సంగతి నా కళ్ళముందే జరిగింది, పట్టించుకోలేదు. ఎడమ వైపు బ్లీడర్ తెరిస్తే ఆయిల్ గొట్టంలోకి చిమ్మింది. కుడి వైపు బొట్టు బొట్టుగా కారింది. "ఇది దూరం కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు వైపులా పైపు పొడవులో తేడా రెండడుగులు కూడా ఉండదు.

ఆదివారం ఖాళీ రోడ్ల మీద పది మైళ్ళు తిప్పి థర్మామీటరు పెట్టాం. ఎడమ 130, కుడి 290.

ఆ రాత్రి మా తోడల్లుడు కొత్త వాదన తెచ్చాడు. టెక్సస్ చట్టంలో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటని ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి కాదు. మాది పడవ, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 4,000 దగ్గర. "చట్టమే అడగనప్పుడు మనకెందుకన్నయ్యగారూ, పీకేద్దాం," అన్నాడు. లెక్క తప్పేం కాదు, చాలామంది చేసే పనే. కానీ 4,000 పౌండ్లంటే 1,800 కిలోలు, ఒక కారంత బరువు. 75 మీద గంటకి 65 మైళ్ళలో పోతుంటే ముందువాడు హఠాత్తుగా ఆగితే, ఆ బరువంతా నా బండిని వెనకనుంచి తోస్తూ వస్తుంది. నేను ఒప్పుకోలేదు. రెండ్రోజులు మాటలు కాస్త పొడిపొడిగా నడిచాయి. అక్కచెల్లెళ్ళు మాత్రం ఎప్పట్లాగే మాట్లాడుకున్నారు, ఎక్కువగా మా ఇద్దరి గురించే.

రెండో శనివారం ఒక్క సామానూ కొనలేదు. పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి కుర్చీ వేసుక్కూర్చుని అన్నాడు: "పట్టేసినప్పుడు విప్పి చూడండి. వదిలేశాక చూస్తే ఏం దొరుకుతుంది?" దొంగని ఇంట్లో ఉండగా పట్టుకోవాలి గానీ పారిపోయాక కాదన్నమాట.

వీధిలో రెండు రౌండ్లు కొట్టి, నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి తెచ్చి ఆపాం. ట్రైలర్ని పికప్‌కి తగిలించే ఉంచి, ఎడమ చక్రానికి ముందూ వెనకా అడ్డం పెట్టి, కుడి వైపు జాకీతో లేపి స్టాండు వేశాం. చక్రం రెండు చేతులతో లాగినా కదల్లేదు. ఇప్పుడు కుడి బ్లీడర్ని పావు వంతు తిప్పాను. సర్రుమని ఒక్క చిమ్ము, దాంతోపాటే చక్రం వదిలింది. అంటే కాలిపర్ దోషం లేదు. లోపల ఒత్తిడి ఎక్కడో చిక్కుకుని, వెనక్కి వెళ్ళే దారి లేక ప్యాడ్లని పట్టుకుని కూర్చుంది. తుప్పు పట్టిన పిస్టనో, పిన్నో అయ్యుంటే బ్లీడర్ తెరిచినా చక్రం వదిలేది కాదు. రెండొందల డాలర్లు కళ్ళముందు ఎగిరిపోయాయి.

దారి ఎక్కడ మూసుకుందో తేలాలి. మళ్ళీ వీధిలోకి, మళ్ళీ బ్రేకులు, మళ్ళీ జాకీ. ఈసారి బ్లీడర్ జోలికి పోకుండా ఇంకాస్త వెనక్కి, యాక్సిల్ మీద పైపు రెండుగా చీలే టీ దగ్గర కుడి వైపు నట్టు వదులు చేశాను. మామూలు పానాతో తిప్పితే ఆ ఇత్తడి నట్టు మూలలు అరిగిపోతాయి, దానికోసం ఆరు వైపులా పట్టుకునే ప్రత్యేకమైన పానా పెద్దాయన ఇచ్చాడు. ఒక్క బొట్టు వచ్చింది. చక్రం కదల్లేదు. దాంతో మాస్టర్ సిలిండర్, దాన్లోకి ఆయిల్ వెనక్కి వచ్చే సన్న రంధ్రం, సోలెనాయిడ్ అన్నీ ఒకేసారి నిర్దోషులైపోయాయి. ఒత్తిడి కాలిపర్ దగ్గర ఉంది, టీ దగ్గర లేదు. మధ్యలో ఉన్నది జానెడున్నర రబ్బరు పైపు ఒక్కటే.

పైకి చూస్తే దానికేం లేదు. పగుళ్ళు లేవు, ఉబ్బు లేదు, చెమ్మ లేదు. విప్పి లోపలికి సన్న తీగ దూర్చితే సగంలో ఆగింది, సరిగ్గా ఫ్రేముకి పట్టి ఉంచే ఇనప క్లిప్పు ఉన్నచోట. హాక్సా బ్లేడుతో అక్కడ అడ్డంగా కోశాం. క్లిప్పు లోపలంచు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉబ్బింది. ఆ ఉబ్బుకి పోయేదారి లేక రబ్బరుని నలువైపులా పిసికేసింది. పెన్సిల్ ములుకు పట్టాల్సిన కన్నం గుండుసూది మొన పట్టేంత అయింది. బ్రేకు వేసినప్పుడు వందల పౌండ్ల ఒత్తిడి కాబట్టి ఆయిల్ ఎలాగో దూరి వెళ్తోంది. వదిలాక దాన్ని వెనక్కి తోసే బలం దాదాపు ఏమీ లేదు, మెల్లగా గంటసేపు కారుతోంది. ఆ రోజు బంకు దగ్గర చల్లారాక చక్రం ఎందుకంత అమాయకంగా తిరిగిందో అప్పుడు తెలిసింది.

మా తోడల్లుడు ఆ ముక్కని వెలుతురుకి పెట్టి ఒక కన్నుతో చూసి, "ఇదెంతన్నయ్యగారూ కొత్తది?" అన్నాడు. ఇరవై మూడు డాలర్లు. వయసు ఒకటే కాబట్టి రెండు వైపులవీ మార్చేశాం. ఎయిర్ ఈసారి ఇరవై నిమిషాల్లో పోయింది. కుడి బ్లీడర్ కూడా చిమ్మింది. పదిహేను మైళ్ళు తిప్పాక కుడి 125, ఎడమ 130.

పండగ చేసుకుంటూ డ్రైవ్‌వేలోకి రివర్స్ చేశాను. కీచు.

ఇన్నాళ్ళూ రెండూ ఒకే రోగమనుకున్నాం. పైపు మారిస్తే రివర్స్ దానంతటదే బాగైపోతుందని ఎందుకనుకున్నామో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

మూడో శనివారం మల్టీమీటరుతో. పికప్ కీ ఆన్ చేసి, ఇంజిను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు రివర్స్‌లో పెట్టాను. పికప్ వెనక ప్లగ్గులో మధ్య పిన్ను దగ్గర 12 వోల్టులు. సోలెనాయిడ్ వైరు దగ్గర సున్నా. ట్రైలర్ వైపు ప్లగ్గు విప్పగానే విషయం తేలిపోయింది. ట్రైలర్‌కి వచ్చే అయిదు వైర్లలో సోలెనాయిడ్‌కి పోయేది నీలం. ఇక్కడి ఏడు పిన్నుల ప్లగ్గులో నీలం రంగు స్థానం మాత్రం ఎలక్ట్రిక్ బ్రేకులకి, రివర్స్ లైటుది మధ్య పిన్ను. ఎప్పుడో పాత ప్లగ్గు పాడైతే ఎవరో కొత్తది వేస్తూ నీలానికి నీలం ముచ్చటగా కలిపేశారు. నా పికప్‌కి ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్ లేదు కాబట్టి ఆ పిన్ను ఎప్పుడూ చచ్చే ఉంటుంది. సోలెనాయిడ్ ఒక్కసారీ మేలుకోలేదు. కంట్రోలరున్న బండి అయ్యుంటే ఇంకా చిత్రంగా ఉండేది: బ్రేకు తొక్కినప్పుడల్లా కరెంటు వెళ్ళి, సరిగ్గా కావలసిన క్షణంలో ట్రైలర్ బ్రేకులు పనిచెయ్యకుండా పోయేవి.

"ముందుకి కాస్త లాగి, అప్పుడు వెనక్కి" అన్న ఆచారానికి అర్థం కూడా అప్పుడే తెలిసింది. ముందుకి లాగితే గొట్టం పూర్తిగా చాచుకుంటుంది. చదును నేల మీద నెమ్మదిగా తోస్తే అది జారేలోపు పని అయిపోతుంది. అమ్మినాయన ఇంటి ముందు అంతా చదునే. పదేళ్ళు అలాగే గడిపేశాడు.

వైరు మధ్య పిన్నుకి మార్చి, బిగించి, గ్రీజు పూసి, గేరు రివర్స్‌లో వెయ్యగానే ట్రైలర్ ముందు భాగంలో టక్‌మని చిన్న చప్పుడు. పిల్లలు అది వినడానికి వంతులు వేసుకున్నారు. నేను పది సార్లు గేరు మార్చాను. బండి ఎత్తు మీదకి చప్పుడు లేకుండా ఎక్కింది. పెద్దాయన బోల్టు ఆయనకి తిరిగిచ్చేశాను, మా దగ్గరుంటే ఎప్పుడో పెట్టి మర్చిపోతామని.

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ టెక్సోమా. ఆనాలో ఆగి చూశాం, షెర్మన్‌లో ఆగి చూశాం, చక్రాల నట్లు ఇంకోసారి బిగించాం. కుడి ఎడమల మధ్య పది డిగ్రీల తేడా కూడా లేదు. ర్యాంపు మీద వెనక్కి దిగుతుంటే ట్రైలర్ మాట విన్నట్టు దిగింది. పడవ నీళ్ళ మీద తేలింది. మా తోడల్లుడు అందులో నిలబడి తాడు చుట్టుకుంటున్నాడు. నేను పికప్ పైకి తెచ్చి పార్క్ చేసి, మెరిసే కొత్త పైపుల్ని వంగి ఒకసారి చూసుకుని, కూల్‌డ్రింకు తీసుకుందామని కప్ హోల్డర్‌లో చెయ్యి పెట్టాను.

చేతికి తగిలింది పడవ అడుగున నీళ్ళు పోయే కన్నానికి పెట్టే ఇత్తడి బిరడా. సరస్సు నుంచి వెళ్ళేటప్పుడు పడవలో నీళ్ళన్నీ ఖాళీ చెయ్యాలని ఇక్కడ రూలు. అందుకే కొన్న రోజున విప్పి అక్కడ పెట్టాను. మూడు వారాలు బ్రేకుల ధ్యాసే గానీ దాని ఊసే లేదు.

అప్పటికే కిందనుంచి కేక వినిపించింది.

"అన్నయ్యగారూ! కాళ్ళకి నీళ్ళు తగులుతున్నాయి!"